కత్తెర వదిలేసిన వాక్యం

మార్చి 3, సోమవారం

బట్టలు రెండు బకెట్లు, దుప్పట్లు వేరే. వంటింటి అలమార పై అర దులిపి కొత్త కాగితం పరిచాను. కుళాయికి వాషర్ మార్పించాను. ప్లంబరు రెండుసార్లు వచ్చాడు, పని మాత్రం ఒకసారిదే. ఇస్త్రీకి యూనిఫాం రెండు జతలు. కర్టెన్లు ఇవాళ ఇస్తానన్న దర్జీ ఇవ్వలేదు.

ఈ నెలాఖరుకు ఈయన రిటైరవుతున్నారు. ఇరవై తొమ్మిది, శనివారం, ఆఫీసర్ల మెస్‌లో వీడ్కోలు విందు. ఆ సంగతి మాట్లాడడానికి మధ్యాహ్నం పక్కింటి కల్నల్ గారి భార్య వచ్చింది. ఆవిడకు నేను మనసులో పెట్టుకున్న పేరు మైకు. ఆఫీసర్ల భార్యల సంఘానికి కార్యదర్శి. మైకు చేతిలో లేకపోయినా చివరి వరుసకు వినిపిస్తుంది.

"అక్కయ్యగారూ, ఆనవాయితీ తెలుసుగా? రిటైరయ్యే ఆఫీసరు ఉద్యోగ జీవితం గురించి ఆయన భార్య పది నిమిషాలు చదవాలి. చివర్లో అందరూ కళ్లు తుడుచుకోవాలి."

"ఆయన ఉద్యోగం గురించి నాకేం తెలుసమ్మా?"

"అదేం మాటండీ! ఇరవై ఎనిమిదేళ్ల కాపురం."

"కాపురం గురించయితే గంట మాట్లాడతాను. ఉద్యోగం గురించి నాకు తెలిసింది రెండు మాటలు. 'పని ఉంది.'"

రాత్రి భోజనాల దగ్గర ఈయన్నే అడిగాను.

"ఏమండీ, ఇన్నేళ్లూ మీరు అసలు ఏం చేశారు?"

ఆలోచించారు. "కంప్యూటర్లు," అన్నారు.

"కంప్యూటర్లతో ఏం చేశారు?"

"చూశాం."

"ఏం చూశారు?"

"వాళ్లు మనల్ని చూస్తున్నారా లేదా అని."

"చూస్తున్నారా మరి?"

"అది చెప్పకూడదు."

ముప్పై నాలుగేళ్ల సర్వీసు, సైబర్ నిఘా విభాగంలో మేజర్ జనరల్ హోదా. మొత్తం కంచం కడిగేలోపు అయిపోయింది.

మార్చి 5, బుధవారం

దర్జీ ఇంకా ఇవ్వలేదు. కిటికీలకు పాత చీరలు కట్టాను.

ఉపన్యాసం మొదలుపెట్టాను. తెలిసిందే రాద్దామని కూర్చుంటే తెలిసింది చాలానే ఉంది. పెళ్లయిన కొత్తలో ఈయన టెలిఫోన్ తీగలు లాగించే ఆఫీసరు. చేతులకు ఎప్పుడూ జిగురు వాసన. ఆ తర్వాత ఒక ఏడాది యూనిట్‌కు అట్టపెట్టెల్లో కంప్యూటర్లు వచ్చాయి. పాడైతే జీతంలో కోస్తారన్న భయంతో ఒక్క పెద్ద ఆఫీసరూ పెట్టె విప్పలేదు. అందరికంటే చిన్నవాడని గది తాళంచెవి ఈయన చేతిలో పెట్టారు. ఈయన విప్పారు. అంతే, జీవితమంతా అదే గదిలో పడింది. గది మాత్రం పెద్దదవుతూ వచ్చింది.

ఇంట్లో జరిగినదీ రాశాను. గడప దగ్గర బిస్కెట్ డబ్బా. ఎవరు వచ్చినా ఫోన్లు అందులో పడేసి లోపలికి రావాలి. లాప్‌టాప్ కెమెరా మీద దెబ్బకు అంటించే ప్లాస్టర్. మా ఇంట్లో మనుషుల దెబ్బలకన్నా లాప్‌టాప్‌కే ఎక్కువ ప్లాస్టర్లు ఖర్చయ్యాయి. ఇంటర్నెట్ పాస్‌వర్డ్ నెలనెలా మారుతుంది. ఇరవై రెండు అక్షరాలు. పెట్టినాయనకే గుర్తుండదు. ఆఫీసులో పెద్ద గొడవ ఉన్నప్పుడు తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటారని, గొడవ తీరాక తలుపు తీసి ఉంచే నిద్రపోతారని కూడా రాశాను.

ఇంటి లెక్కల పుస్తకాలు దగ్గర పెట్టుకున్నాను కాబట్టి తేదీలు సరిగ్గా పడ్డాయి. ఈయన ఇంట్లో లేని రోజుల్లో పాలు అరలీటరు తగ్గించే అలవాటు నాది.

చివరి పేజీ రాస్తుంటే చెయ్యి ఆగలేదు. నా జీవితంలో నేను గర్వపడేది అదొక్కటే. అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను.

'పదకొండేళ్ల కిందట మా అత్తగారు మంచం పట్టారు. ఆ నాలుగు నెలలూ మావారు అత్యవసర విధుల మీద దూరంగా ఉన్నారు. తల్లి పోయిన రోజు వచ్చి, మూడో రోజు మళ్లీ విధుల్లోకి వెళ్లిపోయారు. కన్నతల్లా, దేశమా అన్నప్పుడు ఆయన ఏది ఎంచుకున్నారో మా ఇంటి గోడలకు తెలుసు.'

ఆ ఏడాది సంఘం వాళ్లు నాకు షీల్డు ఇచ్చారు. 'ఉత్తమ సైనిక గృహిణి.' హాల్లో అద్దాల బీరువాలో ఉంది. ఇవాళ తీసి తుడిచాను.

మార్చి 7, శుక్రవారం

రాసింది చూపించబోతే ఈయన చేత్తో కళ్లు మూసుకున్నారు.

"నాకు చూపించకు. రూలు. మా విభాగం గురించి బయట చదివేది ఏదైనా ముందు పరిశీలన సెక్షన్‌కి వెళ్లాలి. ఎవరి గురించి రాశారో ఆ ఆఫీసరు దాన్ని ముందుగా చూడకూడదు. ఆమోదించి పంపాక ఒక్క అక్షరం మార్చకూడదు."

"ఎవరండీ ఇంత తిక్క రూలు పెట్టింది?"

"నేనే."

సాయంత్రం కాగితాలు తీసుకెళ్లి ఇచ్చాను. పరిశీలన సెక్షన్‌లో ఉన్నది ఒక కుర్ర మేజరు, ఆడపిల్ల. క్యాంపస్ అంతా ఆమెను కత్తెర అంటారు. ఎదురుగా మేడమ్ అంటారు. బల్ల మీద నల్ల మార్కర్లు ఎత్తు ప్రకారం పేర్చుకుంది. నాకు నచ్చింది.

మార్చి 12, బుధవారం

కాగితాలు వచ్చాయి. ఏడు పేజీలు పంపితే ఏడూ వచ్చాయి గానీ, తెల్ల కాగితం మీద నల్ల చీమల బారులా వచ్చాయి.

ఇలా ఉంది: 'మా ఆయన (నలుపు) సంవత్సరంలో (నలుపు) వెళ్లి (నలుపు) చేశారు. అందుకు గాను ఆయనకు (నలుపు) ఇచ్చారు. అది మా ఇంట్లో (నలుపు) మీద ఉంటుంది.'

ఆ ఆఖరి నలుపు కింద ఉన్నది ఫ్రిజ్.

'ఈయనకు టీ పెట్టడం రాదు' అన్నది కూడా కొట్టేసింది. పక్కన చిన్న అక్షరాలతో కారణం రాసింది: 'అధికారి బలహీనతల వెల్లడి.' గడియ సంగతి కొట్టేసింది. అరలీటరు పాల సంగతి వచ్చిన ప్రతి చోటా కొట్టేసింది. అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రికి మూడో రోజు వచ్చారని రాస్తే, 'మూడో రోజు' మీద ఎంత గట్టిగా గీసిందంటే కాగితం చిరిగింది. ఈయన ఇల్లు వదిలి వెళ్లిన రోజు ఒక్కటి కూడా మిగల్లేదు. పిల్ల పనిమంతురాలు.

చివరి పేజీ మాత్రం తెల్లగా ఉంది. నాలుగు నెలల వాక్యం నేను రాసింది రాసినట్టే ఉంది. అడుగున సంతకం, ముద్ర.

అలసిపోయి వదిలేసి ఉంటుంది. ఆఖరి పేజీ కదా.

మార్చి 13, గురువారం

కర్టెన్లు వచ్చాయి. ఉతికి తగిలించాను.

మార్చి 14, శుక్రవారం

కర్టెన్లు విప్పి మళ్లీ ఉతికాను. దుమ్ము.

మార్చి 17, సోమవారం

శుక్రవారం నుంచి ఆ కాగితాలు ఎన్నిసార్లు తిరగేశానో. ఒక రోజు శిక్షణకు వెళ్లొస్తే కొట్టేసిన పిల్ల నాలుగు నెలలు ఎలా మరిచిపోతుంది? ఇవాళ వెళ్లి అడిగాను. పొరపాటు ఉంటే దిద్దించుకోవాలని, అంతే. ఇంకే ఉద్దేశమూ లేదు.

"అమ్మాయ్, ఇక్కడ ఒకటి మరిచిపోయినట్టున్నావు."

కత్తెర కాగితం అందుకుని చూసింది. "లేదు మేడమ్, ఇది చూశాను."

"అత్యవసర విధులు అని ఉంది చూడు. అంతకన్నా చిన్నవన్నీ కొట్టేశావు కదా."

"ఇది విధులకు సంబంధించింది కాదు కాబట్టి కొట్టే అవసరం..." అని ఆగిపోయింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది.

"అంటే?"

"మేడమ్, నేనేమీ అనలేదు."

"నేనేమీ వినలేదు," అన్నాను.

ఇద్దరం కాసేపు మార్కర్ల వైపు చూశాం. ఎత్తు ప్రకారమే ఉన్నాయి.

వచ్చేటప్పుడు దారిలో కూరలు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే సంచిలో అన్నీ కాకరకాయలే.

మార్చి 18, మంగళవారం

కూరలో ఉప్పు ఎక్కువైంది. ఈయన మజ్జిగ రెండుసార్లు పోయించుకున్నారు.

మార్చి 20, గురువారం

ఒక అవకాశం ఇద్దామనిపించింది. ఈయన చొక్కాలకు బొత్తాలు కుడుతూ మామూలుగా అడిగాను.

"ఏమండీ, అత్తయ్య మంచాన ఉన్న నాలుగు నెలలూ మీరు ఎక్కడున్నారు?"

పేపరు కిందికి దిగలేదు. "డ్యూటీ."

"ఎక్కడ?"

"చెప్పకూడదు."

"పదకొండేళ్లయింది కదండీ."

"కొన్ని ఎప్పటికీ చెప్పకూడదు."

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆ గొంతు వింటే ఇన్నేళ్లూ నా వీపు నిటారుగా అయ్యేది. ఇవాళ సూది గుచ్చుకుంది.

ఈయన రాత్రి గడియ మూడుసార్లు చూశారు.

మార్చి 22, శనివారం

చలికాలపు దుప్పట్లు ఎండలో వేశాను.

ఆ నాలుగు నెలల లెక్క ఒకసారి చూసుకుంటే తప్పేముంది? అత్తయ్యది బరువైన శరీరం. కుడివైపు చచ్చుబడింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి. నా నడుము అప్పుడు పట్టిందే, ఇప్పటికీ వదల్లేదు. చెంచాతో తినిపించేదాన్ని. సగం లోపలికి, సగం నా చీర మీదికి. అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. రోజూ సాయంత్రం ఈయన ఫోన్ చేసేవారు. తల్లి చెవి దగ్గర ఫోన్ పట్టుకుని నేను నిలబడేదాన్ని. అయిదు నిమిషాలు దాటనిచ్చేవారు కాదు. లైను సురక్షితం కాదనేవారు.

డాక్టరు దగ్గర నుంచి చాకలి దాకా అందరూ అడిగేవారు, కొడుకు రాడా అని. 'ఆయన మామూలు ఉద్యోగం చేయడం లేదు' అని గొంతు పెంచి చెప్పేదాన్ని. చెబుతుంటే నడుము నొప్పి తగ్గేది.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. లా చదువుతోంది, ప్రతిదీ విచారణే.

"అమ్మా, నీ గొంతేంటి అలా ఉంది? నాన్న ఏమైనా అన్నారా?"

"మీ నాన్న ఏమీ అనరు కదే. అదే ఆయన ఉద్యోగం."

"ఇంకెన్ని రోజులమ్మా. ఒకటో తారీఖు నుంచి ఆయన మామూలు మనిషే. అన్నీ అడిగి కడిగెయ్."

కడగడం నాకు కొత్తా!

మార్చి 24, సోమవారం

ఇంకో ఆడమనిషి అనుకుందామా? అన్ని వైపుల నుంచీ చూడాలి కదా. కుదరలేదు. నా పుట్టినరోజు మరిచిపోకుండా ఉండాలని దాన్నే పాస్‌వర్డ్‌గా పెట్టుకుని, ఆ పాస్‌వర్డ్ మరిచిపోయి నన్నే అడిగిన మనిషి. అలాంటివాడు ఒక దొంగ కాపురం నాలుగు నెలలు నడపలేడు. ఈ కాపురమే నేను లేకపోతే నడవదు.

జబ్బు? ఉంటే మందుల చీటీలు నాకు దొరక్కుండా పోవు. జూదం? పేకముక్కలు కలపడం కూడా రాదు.

ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను, కత్తెరలాగా. ఆఖరికి కాగితమంతా నల్లగా అయింది. సమాధానం మాత్రం మిగల్లేదు.

షీల్డు మీద దుమ్ము పట్టింది. పట్టనీ.

మార్చి 26, బుధవారం

మనసు మార్చుకున్నాను. ఏదైతేనేం, ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషిని అందరి ముందూ ఒక అబద్ధం మీద కూర్చోబెట్టడం ఎందుకు? కత్తెరకు ఫోన్ చేశాను.

"అమ్మాయ్, ఆ వాక్యం కూడా కొట్టేసెయ్."

"మేడమ్, రహస్యం కానిదాన్ని కొట్టేసే అధికారం నాకు లేదు."

"పోనీ నేనే చదవకుండా దాటేస్తాను."

"ఆమోదించిన ప్రతిలో మార్పు చేయకూడదు మేడమ్. కార్యక్రమంలో మా మనిషి కాగితం పట్టుకుని కూర్చుంటాడు. తేడా వస్తే నివేదిక రాయాలి." గొంతు తగ్గించింది. "సార్ పెట్టిన రూలే మేడమ్. చాలా మంచి రూలు."

"అవునమ్మా. చాలా ముందుచూపు."

ఈయనకు ముందుగా చెబుదామా అనుకున్నాను. కానీ ఎవరి గురించి రాశారో ఆ ఆఫీసరుకు తెలియకూడదని కదా. రూలు రూలే.

మార్చి 30, ఆదివారం

మెస్ నుంచి వచ్చిన పూలదండలు బయట వేశాను. పట్టుచీర గాలికి ఆరేశాను. తలనొప్పి.

నిన్నటి విందు బాగా జరిగిందని మైకు పొద్దున్నే గోడ అవతలి నుంచి ప్రకటించింది. జరిగింది జరిగినట్టు రాసుకుంటాను.

ముందు పెద్దాయన మాట్లాడారు. ఈయనకన్నా పై హోదాలో ఉన్నది ఆయనొక్కరే. "ఈయన దేశానికి చేసిన సేవలు నేను చెప్పలేను. చెప్పగలిగితే అవి సేవలు కావు" అన్నారు. చప్పట్లు. ఆ తర్వాత ఒక జ్ఞాపిక ఇచ్చారు. దాని మీద ఏం రాసి ఉందో ఎవరూ చదవలేదు.

ఆ తర్వాత నన్ను పిలిచారు. నలుపు వచ్చిన చోటల్లా ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, అందుకని 'నలుపు' అనే చదివాను.

"మా ఆయన నలుపు సంవత్సరంలో నలుపు వెళ్లి నలుపు చేశారు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వు. "ఆయనకు నలుపు ఇచ్చారు, అది మా ఇంట్లో నలుపు మీద ఉంటుంది" అనేసరికి పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈయన కూడా నవ్వారు. ఇన్నేళ్లలో నా మాటకు ఈయన నలుగురిలో నవ్వడం చూడలేదు. నవ్వితే బాగుంటారు. చివరి పేజీ తిప్పేటప్పుడు వేలు కాస్త ఆగింది. కాగితాలు అంటుకుపోయి ఉంటాయి.

చదివాను. అత్తయ్య మంచం, నాలుగు నెలలు, అత్యవసర విధులు, కన్నతల్లా దేశమా, ఇంటి గోడలు. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. నివేదిక రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

తర్వాత పెద్దాయన లేచి నిలబడ్డారు. హాలంతా లేచింది. మైకు కళ్లు తుడుచుకుంటూ అందరికీ సైగ చేసింది, వాళ్లూ తుడుచుకున్నారు. అంతసేపు చప్పట్లు ఆ మెస్‌లో ఎవరికీ కొట్టి ఉండరు. చప్పట్లు కొట్టనివాళ్లు ముగ్గురే. ద్వారం దగ్గర నిలబడ్డ కత్తెర. కాగితం పట్టుకున్న నేను. మూడోవారు ఈయన. తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నారు. పెద్దాయన వచ్చి భుజం తట్టారు, వినయం అనుకుని.

నేను రూలు ప్రకారం చదివాను. నాకు వేరే ఉద్దేశం లేదు. లేదు.

కారు ఇంటి మలుపు తిరుగుతుంటే ఈయన అన్నారు: "కత్తెర దాన్ని కొట్టలేదా?"

"లేదండీ."

అంతే.

మార్చి 31, సోమవారం

ఈయన ఆఫీసుకు వెళ్లి గుర్తింపు కార్డు, తాళాలు అప్పజెప్పి వచ్చారు. వెంట ఒక చిన్న అట్టపెట్టె. అందులో ఒక టీ కప్పు, చెప్పుల జత. ముప్పై నాలుగేళ్లలో బయటకు తేవడానికి అనుమతి ఉన్నవి అవేనట.

చెప్పులు కడిగి ఎండలో పెట్టాను.

ఏప్రిల్ 1, మంగళవారం

పొద్దున నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. వెనక నుంచి అడుగుల చప్పుడు. ఈయన వంటింటి గుమ్మంలో, పైజామాలో, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు.

"నువ్వు తిన్నావా?" అన్నారు.

గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

"ఏమన్నారు?"

"తిన్నావా అని. ఏం, అడక్కూడదా?"

"ఇరవై ఎనిమిదేళ్లలో నన్ను ఈ మాట అడగడం ఇదే మొదలు."

"అడగలేదా ఎప్పుడూ?"

"నన్ను అడగలేదు. అత్తయ్యను అడిగేవారు, ఫోన్‌లో. ఆ నాలుగు నెలలూ."

ఈయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బల్ల మీద చేతులు పెట్టుకున్నారు, తనిఖీకి పెట్టినట్టు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టారు. గిన్నెలు తుడుస్తూ విన్నాను.

ఆ ఏడాది ఈయన కల్నల్. పై హోదా తనకే వస్తుందనుకున్నారు. వచ్చింది మాత్రం తన దగ్గర పని నేర్చుకున్నవాడికి. "మౌస్ పట్టుకోవడం దగ్గర నుంచి నేనే నేర్పాను వాడికి" అన్నారు, ఇప్పటికీ కోపంగా. అదే రోజు రాజీనామా రాసిచ్చారు. అప్పటి పెద్దాయన దాన్ని తీసుకోనూ లేదు, తిప్పికొట్టనూ లేదు. 'సెలవు పెట్టి ఆలోచించుకో' అన్నారట. ఈయన స్టేషన్ దగ్గర లాడ్జిలో గది తీసుకున్నారు. ఈ ఊళ్లోనే. ఇక్కడి నుంచి రెండు బస్సులు మారితే చాలు.

దేశసేవ అని నేను ఊరంతా చాటింది అలక. పైగా ఇది చిన్నపిల్లల అలక కూడా కాదు. వాళ్లు ఒక పూటలో అన్నానికి వచ్చేస్తారు.

"క్యాంపస్‌లో ఒక్కరికీ తెలియలేదా?" అన్నాను.

"మా విభాగంలో ఎవరు ఎక్కడున్నారని అడిగే అలవాటు లేదు. ఆ అలవాటు నేనే మాన్పించాను."

"లాడ్జిలో ఉండి చేసిందేమిటి?"

"ఫ్యాను చూశాను."

"అక్కడ పడుకుని ఫ్యాను చూసేబదులు ఇంటికొచ్చి అమ్మ పక్క మార్చవచ్చు కదండీ! నా ఒక్కదాని నడుముతో..."

గొంతు పెరిగినట్టు నాకే తెలిసింది. ఈయన తలెత్తలేదు.

"అమ్మ ప్రతి రోజూ అడిగేది గుర్తుందా, నక్షత్రం వచ్చిందా అని? డాక్టరుకు, పాలవాడికి, అందరికీ చెప్పేసింది, మావాడి భుజం మీదికి ఇంకో నక్షత్రం వస్తోందని. ఫోన్‌లో అయితే వస్తుందమ్మా అనేవాణ్ని. ఎదురుపడితే... శత్రువు కంటపడకుండా ఏమైనా దాచగలను గానీ, అమ్మ ముందు మొహం దాచలేను. చూడగానే చదివేస్తుంది. వచ్చి నిలబడితే ఆ మంచంలో అదొక్కటి తెలుసుకుని పోతుంది. అందుకని రాలేదు."

"నా సంగతి?"

"నువ్వా? నువ్వు చెప్పింది నమ్ముతావు కదా."

ఇది పొగడ్త అనుకునే అన్నారు. ముఖం చూస్తే తెలుస్తోంది.

ఒకసారి వచ్చారట. మందుల షాపుకు ఎదురుగా బస్ స్టాప్ దాకా. "నువ్వు కౌంటర్ దగ్గర చిల్లర వెతుక్కుంటున్నావు. సంచి చిరిగి ఉంది. రోడ్డు దాటబోయాను. బస్సు అడ్డొచ్చింది. అది వెళ్లేలోపు నువ్వు వెళ్లిపోయావు."

"ఆ రోజు చిల్లర తక్కువైంది," అన్నాను. "షాపతను తర్వాత ఇమ్మన్నాడు."

అత్తయ్య పోయిన మూడో రోజు వెళ్లి రాజీనామా వెనక్కి తీసుకున్నారు. ఇక మొహం దాచుకోవలసిన మనిషి లేదు కాబట్టి. రికార్డులో మాత్రం 'సొంత పనిపై సెలవు' అని ఉండిపోయింది. కత్తెర చూసింది దాన్నే.

గిన్నెలన్నీ తుడవడం అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి తుడిచాను. 'తిన్నావా' అన్న మాట నా చెవిలో ఎక్కడో తట్టుకుని నిలిచి ఉంది. ఎందుకో పదో గిన్నె దగ్గర గుర్తొచ్చింది.

అత్తయ్య పోవడానికి వారం ముందు. ఫోన్ పెట్టేశాక నా చెయ్యి పట్టుకుంది. మాట ముద్దముద్దగా వచ్చేది, దగ్గరికి వంగితేగానీ అర్థమయ్యేది కాదు.

"వాడు పనిలో లేడే అమ్మాయ్."

"అదేంటి అత్తయ్యా, పనిలోనే ఉన్నారు."

"పని ఉన్నప్పుడు వాడు నన్ను తిన్నావా అని అడగడే. చిన్నప్పటి నుంచీ అంతే. పరీక్ష పోయిన రోజు మాత్రమే అమ్మా తిన్నావా అని కొంగు పట్టుకు తిరిగేవాడు. వాడికేదో పోయింది." కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "వచ్చాక చెప్పు, నాకు తెలుసని. మొహం దాచుకోవద్దని చెప్పు."

నేను ఆవిడను కసిరాను. "మీ అబ్బాయి దేశం కోసం ఎక్కడో కష్టపడుతుంటే ఈ మాటలేమిటత్తయ్యా, ఎవరైనా వింటే!" అన్నాను. మాత్ర వేసి పడుకోబెట్టాను. జ్వరం మాట అనుకున్నాను. ఆవిడ పోయాక ఈయన వచ్చి ఉన్నది మూడు రోజులే. ఆ హడావిడిలో పిచ్చిమాటలు మోసుకెళ్లి చెప్పడమెందుకని ఊరుకున్నాను. తర్వాత మరిచిపోయాను.

దేశంలో నిఘా పెట్టిన యంత్రాలన్నీ ఒక వైపు, కుడి చెయ్యి ఎత్తలేని ఆ మనిషి ఒక వైపు. తెలిసింది ఆవిడకే. నేను ఫోన్ పట్టుకుని మధ్యలో నిలబడ్డ స్తంభాన్ని.

గుడ్డ పక్కన పెట్టి ఈయనకు ఎదురుగా కూర్చున్నాను. అత్తయ్య అన్నది అన్నట్టు చెప్పాను. నేను కసిరిన సంగతీ చెప్పాను. 'మొహం దాచుకోవద్దని చెప్పు' దాకా వచ్చి లేచాను. నీళ్లు తాగి మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఒక్క మాట కూడా పోకూడదని.

ఈయన విన్నారు. లేచి స్నానాలగదిలోకి వెళ్లారు. లోపల కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది. నీళ్లు వృథా అని అరవబోయి మానుకున్నాను. గడియ వేసిన చప్పుడు మాత్రం వినబడలేదు.

బయటికొచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. దాచుకోలేదు. ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నాక తన కంచం తనే కడిగారు. జిడ్డు పోలేదు. నేను మళ్లీ కడిగాను.

నా నడుము లెక్క వేరు. అది రాయడానికి వేరే పుస్తకం కావాలి, ఇప్పుడిక వినడానికి ఈయనకు తీరికే.

ఇవాళ్టి పనులు: గిన్నెలు రెండుసార్లు. వేరే ఏమీ కాలేదు.

అత్తయ్య మాట, ఆవిడ కొడుక్కి చేరవలసింది, పదకొండేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. ఇవాళ ముట్టింది. బాకీ లేదు.